ఇప్పసారా కుండ చెప్పే చరిత్ర

మన గురించి బయటివాళ్లు రాసిన పుస్తకాల్లో ఇప్పసారా మాట లేని పుస్తకం అరుదు. పండగకు తాగుతారు, పెళ్లికి తాగుతారు, చావుకు తాగుతారు అని రాస్తారు. ఆ సారా ఏ బానలో నానింది, ఏ కుండలో కాగింది, ఏ గొట్టంలోంచి దిగింది, ఆ కుండను సంతలో ఎవరు ఎంచి తెచ్చారు అన్నది మాత్రం రాయరు. అందుకే మన పిల్లలు కూడా సారా అనగానే తాగినవాణ్ణే తలుచుకుంటారు గానీ కాచిన అవ్వను తలుచుకోరు. ఈ వ్యాసంలో మేము తాగుడు గురించి తక్కువ, సామాను గురించి ఎక్కువ మాట్లాడదలిచాం. ఎందుకంటే మన మీద వచ్చిన ఆబ్కారీ చట్టాలన్నీ ముందు మన సామాను మీదికే వచ్చాయి.

ముందే ఒక మాట. ఇంట్లో సారా కాయడం ఈనాటికీ మన రెండు రాష్ట్రాల చట్టం ప్రకారం నేరమే. బట్టీ పెట్టమని మేము ఎవరికీ చెప్పడం లేదు. మన పెద్దలకు ఏమి తెలుసో, అది ఎట్లా పోయిందో చెబుతున్నాం.

ఇప్పపువ్వు మాఘం చివర మొదలై ఫాల్గుణం, చైత్రం దాకా రాలుతుంది. రాత్రి విచ్చుకుని తెల్లవారేసరికి చెట్టు కింద తెల్లగా పరుచుకుంటుంది. మొదటి పువ్వు దేవుడికి చూపించి, ఇప్పపూల పండుగ చేసుకున్నాకే తట్ట ఎత్తే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఎండిన పువ్వులో సగానికి పైగా చక్కెరే. అందుకే అది కరువులో కూడు, పిల్లలకు మిఠాయి, పశువులకు బలం. గింజ నుంచి నూనె. సారా ఈ వరుసలో ఒకటి మాత్రమే. ఏడాది పొడుగునా దాచుకున్న పువ్వులో ఎంత వండుకోవాలి, ఎంత అమ్ముకోవాలి, ఎంత సారాకు తీయాలి అన్న లెక్క మన ఇళ్లలో ఆడవాళ్ల చేతిలో ఉండేది.

ఇక సామాను. పువ్వు నానబెట్టడానికి ఒక పెద్ద బాన. కాచడానికి వెడల్పు పొట్ట, ఇరుకు మూతి ఉన్న కుండ. దాని మీద బోర్లించకుండా నిలబెట్టే ఇంకో కుండ, అడుగున చిల్లులు పొడిచినది. ఆ చిల్లుల కుండ లోపల మధ్యలో కూర్చునేలా ఒక చిన్న అటిక. అన్నిటికీ పైన చల్లని నీళ్లు పోసిన మూకుడు. కింద మంట పెడితే ఆవిరి చిల్లుల్లోంచి పైకి లేచి, మూకుడు చల్లని అడుగుకు తగిలి, చుక్కలు చుక్కలుగా అటికలో పడుతుంది. మూకుడులో నీళ్లు వేడెక్కగానే తీసేసి మళ్లీ చల్లనివి పోయాలి. ఎన్నిసార్లు నీళ్లు మార్చారన్నదే సారా ఎంత దిగిందో, ఎంత ఘాటో చెప్పే కొలత. నీళ్లు మార్చేకొద్దీ ఘాటు తగ్గుతుంది. ఎన్నో మార్పు దగ్గర ఆపాలన్నది కాచే మనిషి ఇష్టం.

రెండో పద్ధతిలో మూకుడు ఉండదు. కాగే కుండ మూతికి వెదురు గొట్టం బిగించి, దాని రెండో కొసను వాగు నీళ్లలో గానీ తొట్టిలో గానీ మునిగిన కుండలోకి వదులుతారు. వాగు ఒడ్డున బట్టీ పెట్టేది ఇందుకే. దొంగచాటుగా పెట్టడం వల్ల అడవిలోకి పోయారని పోలీసు రాతల్లో ఉంటుంది. చాటు కోసం పోయిన కాలమూ వచ్చింది, కాదనం. అంతకు ముందు నుంచే బట్టీ వాగు దగ్గర ఉన్నది పారే నీటి చల్లదనం కోసం.

ఈ సామాను ఎంచడంలోనే అసలు విద్య ఉంది. కుండను కొనేముందు వేలి కణుపుతో కొట్టి వినాలి. గంట మోగినట్టు ఖంగుమంటే బాగా కాలిన కుండ. బొదబొదమంటే పచ్చికాలుడు, లేదా కంటికి కనిపించని బీట ఉంది. మూతిలో తల పెట్టి ఎండకు ఎత్తి చూస్తే సూది బెజ్జాలు తెలుస్తాయి. అంచు సమంగా లేని కుండను ధర తగ్గించినా కొనరు. కుండ మీద కుండ కూర్చున్నప్పుడు సందు పడితే ఎంత మట్టి మెత్తినా ఆవిరి పోతుంది. ఆవిరి పోయిందంటే పువ్వూ పోయింది, కట్టెలూ పోయాయి, మంటకు ఆవిరి అంటుకుంటే ఇల్లూ పోతుంది. మండే ఆవిరి పక్కనే పొయ్యి ఉంటుందని గుర్తు పెట్టుకుంటే ఆ జాగ్రత్త దేనికో అర్థమవుతుంది.

తెచ్చిన కుండను అలాగే వాడరు. ఒక రోజంతా నీళ్లలో నానేసి, తర్వాత అందులో గంజో తవుడు నీళ్లో పోసి సన్నమంట మీద కాచి పారబోస్తారు. మట్టిలోని సన్న రంధ్రాలు గంజితో పూడుకుంటాయి. నానబెట్టే బానకు మాత్రం ఈ పని చెయ్యరు, కడగడం కూడా పైపైనే. పాత బాన గోడల్లో గత ఏటి పులుపు దాగి ఉంటుందని, దానివల్ల కొత్త పువ్వు తొందరగా పొంగుతుందని పెద్దల మాట. ఆ పులుపులో ఉన్నది కంటికి కనబడని ఈస్టు అని మనం ఇప్పుడు సైన్సు పాఠంలో చెబుతున్నాం. పేరు తెలియకపోయినా పని తెలుసు వాళ్లకు. ఎండాకాలంలో మూడు నాలుగు రోజులకు, చలికాలంలో వారం దాటాక పువ్వు పొంగు తగ్గి తేటపడుతుంది. బాన మీద చెవి పెట్టి వింటే చిటపట ఆగిపోయి ఉంటుంది. అప్పుడే కాచడానికి అదను.

మూతుల సందులకు పుట్టమన్ను, పాతగుడ్డ. గొట్టానికి ముదురు వెదురు, లోపలి కణుపులు కాల్చిన ఇనప చువ్వతో పొడవాలి. లేతదైతే ఆవిరికి వంగి పగులుతుంది. దాచడానికి సొరబుర్ర. బుర్ర కోసం తినే సొర పనికిరాదు, పై తోలు మందంగా ఉండే చేదు సొరే కావాలి. చెట్టు మీదే ఎండనిచ్చి, గింజలు దులిపి, చేదు పోయేదాకా నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. తాగడానికి మోదుగాకు దొప్ప. తాగాక పారేస్తే మట్టిలో కలుస్తుంది, ఎవరి ఎంగిలి వాళ్లదే.

కుండలు మనం చేసుకున్నవి కావు. కుమ్మరులు చేసినవి. ఇది గుర్తుంచుకోవాలి. అడవిలో ఒంటరిగా బతికామనే మాట మనవాళ్లూ గొప్పగా చెప్పుకుంటున్నారు గానీ అది నిజం కాదు. వడ్లకో, జొన్నలకో, ఇప్పపువ్వుకో మారకంగా కుమ్మరి కుండ ఇచ్చేవాడు, మన అవసరం తెలిసి చిల్లుల కుండను పచ్చిగా ఉన్నప్పుడే పొడిచి కాల్చేవాడు. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశీయులు ఈనాటికీ సిరికొండ కుమ్మరుల దగ్గరే కుండలు చేయించుకుంటారు. దేవుడి పనికి కావలసిన కుండ ఎక్కడ, ఎవరి చేత అన్నది ఎంత కట్టుబాటో దాన్ని బట్టి తెలుసుకోవచ్చు.

ఈ బట్టీ ఎంత పాతది? తక్షశిల తవ్వకాల్లో దొరికిన మట్టి పాత్రలను జాన్ మార్షల్ నీటిని ఆవిరి చేసి దించే పరికరంగా గుర్తించాడు. ఆ ప్రాంతంలోనే షైఖాన్ ఢేరీ దగ్గర దొరికిన మట్టి పాత్రలను చూసి, రెండు వేల ఏళ్ల కిందటే ఈ దేశంలో సారా దించారని ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త 1979లో వాదించాడు. ఆ వాదాన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. మన కుండలు పగిలి మట్టిలో కలిసినవే తప్ప మ్యూజియంలో చేరినవి కావు కాబట్టి ఆ తగవులో మన తరఫు సాక్ష్యం లేదు.

సాక్ష్యం దొరికేది తెల్లవాళ్ల పాలన నుంచి. వాళ్లకు సారా మంచిదా చెడ్డదా అన్నది ముఖ్యం కాదు. గ్యాలనుకు ఎంత సుంకం వస్తుందన్నది ముఖ్యం. ఇంటింటా కుండ ఉంటే సుంకం కొలవడం కుదరదు. అందుకని మొదట బట్టీ పెట్టే హక్కును వేలం వేశారు, తర్వాత చాలాచోట్ల బట్టీలన్నిటినీ ఒక ఆవరణలోకి తెచ్చి పెద్ద డిస్టిలరీలు పెట్టారు. బొంబాయి ఆబ్కారీ చట్టం 1878లో, మద్రాసుది 1886లో వచ్చాయి. అనుమతి లేకుండా సారా కాచడమే కాదు, కాయడం కోసం బట్టీ, పాత్ర, పనిముట్టు, ముడిసరుకు ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమైంది. 1892లో బొంబాయి ప్రభుత్వం ఇంకో అడుగు వేసి ఠాణే, కొలాబా జిల్లాల్లో ఇప్పపువ్వు మీదే చట్టం చేసింది. చెట్టు కింద రాలిన పువ్వు ఏరుకుని దాచుకోవడానికి అడ్డం వచ్చిన చట్టం అది. పువ్వు కూడు కూడా అని వాళ్లకు తెలియక కాదు.

డిస్టిలరీలో కొలత కోసం హైడ్రోమీటరు పెట్టారు. గాజుదో లోహందో ఒక బుడ్డి సారాలో తేలుతుంది, ఎంత మునిగిందో చూసి ఘాటు లెక్కిస్తారు. దాని పేరు సైక్స్ హైడ్రోమీటరు, ఘాటుకు లండన్ ప్రూఫ్ ప్రమాణం. మన కొలత వేరు. కొంచెం నిప్పుల మీద చల్లితే నీలి మంట లేవాలి, బుర్ర ఊపితే నురగ ముత్యాలు కాసేపు నిలవాలి. రెండు కొలతలూ పనిచేస్తాయి. తేడా ఏమిటంటే ఒకటి తాగేవాడి కోసం, ఒకటి ఖజానా కోసం.

మన గడ్డ మీద దీని ఫలితం రంపలో చూశాం. గోదావరి ఏజెన్సీలో జీలుగు, తాటి కల్లు ఎవరి ఇంటికి వాళ్లు గీసుకునేవాళ్లు. కల్లుకు బట్టీ అక్కర్లేదు, ఒక కత్తి, ఒక కుండ, మోకు చాలు. దాని మీద మన్సబుదారు చిగురుపన్ను వేశాడు. పైగా ప్రభుత్వం కల్లు ఆదాయాన్ని బయటి కంట్రాక్టర్లకు పాడుకోనిచ్చింది. తన చెట్టు కల్లుకు కొండవాడు కంట్రాక్టరుకు రుసుము కట్టాలి, కట్టకపోతే కోర్టు, కోర్టు దావాతో పశువులు పోవడం. 1879 మార్చిలో రంప లేచింది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటివాళ్ల వెంట జనం పోలీసు ఠాణాల మీద పడ్డారు. అది గొలుగొండ వైపు, రేకపల్లి వైపు పాకింది. అణచడానికి మద్రాసు ప్రభుత్వం పటాలాలను దించవలసి వచ్చింది, 1880 దాకా పోరాటం సాగింది. చివరకు మన్సబుదారును తొలగించారు. కల్లు పన్ను ఈ తిరుగుబాటుకు ముఖ్య కారణాల్లో ఒకటని ప్రభుత్వ విచారణే ఒప్పుకుంది. తాగుడు కోసం తిరగబడ్డారని దీన్ని చులకన చేసినవాళ్లున్నారు. ఇంటి కుండ మీద హక్కు ఎవరిదన్నదే ఆ తగువు. ఉప్పు కోసం జరిగినదాన్ని ఎవరూ చులకన చేయరు కదా.

నైజాం వైపు కూడా ఆబ్కారీ పెద్ద ఆదాయం. అక్కడ మన కొమురం భీం పోరాటంలో నేల, అడవి ముందు నిలిచాయి గానీ, ఆబ్కారీ జవాను కూడా అటవీ జవాను దారినే గూడేనికి వచ్చేవాడు.

ఇక్కడ ఇంకో వైపు చెప్పకపోతే అబద్ధమవుతుంది. మనవాళ్లే సారా వద్దన్న సందర్భాలు చాలా ఉన్నాయి. 1914 నుంచి ఛోటానాగపూర్‌లో జత్రా భగత్ వెంట ఒరావులు మానేశారు. 1922లో దక్షిణ గుజరాత్‌లో దేవి ఉద్యమం వచ్చింది. దేవి పూని చెప్పిందని ఆదివాసులు సారా, కల్లు మాని, తమను అప్పుల్లో ముంచిన సారా వర్తకులను బహిష్కరించారు. అదే సంవత్సరం ఇక్కడ అల్లూరి సీతారామరాజు కూడా తాగుడు మానమని, తగవులు కోర్టుకు పోకుండా పంచాయతీలో తీర్చుకోమని మన్యం జనానికి చెప్పాడు. ఇంటి కుండ పోయి కంట్రాక్టరు దుకాణం వచ్చాక సారా అప్పు పత్రమైంది. దాన్ని మానడం దేవుణ్ణి కాదనడం కాదు, షావుకారును కాదనడం. రంపలో కల్లు కోసం లేచిన మన్యమే 1922లో కల్లు మానమంటే విన్నదంటే అందులో వైరుధ్యం మాకు కనిపించదు.

స్వరాజ్యం వచ్చాక కుండకు స్వరాజ్యం రాలేదు. 1968 ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం 34వ సెక్షనులో పాత మద్రాసు చట్టం మాటలే ఉన్నాయి, పదార్థం, బట్టీ, పాత్ర, పనిముట్టు అని వరసగా. ఒకవైపు ఇంటి కుండ నేరం, ఇంకోవైపు 1980లలో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వ సారా ప్యాకెట్లలో గూడెం గూడెానికి చేరింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరు 1న సారా ఆగింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని సడలింపు. ఈ తేదీలన్నీ పోటీ పరీక్షల్లో అడుగుతారు కాబట్టి మన పిల్లలకు కంఠతా వచ్చు. ఈ తేదీల మధ్య మన ఊళ్లలో ఏం జరిగిందన్నది ఏ పరీక్షలోనూ రాదు.

జరిగింది ఇది. దాడుల్లో మట్టి కుండలు పగిలాయి. పగిలిన కుండ స్థానంలో పగలనిది వచ్చింది. సిల్వరు బిందె, ఇనప డ్రమ్ము, ప్లాస్టిక్ క్యాను, రబ్బరు పైపు. మోసుకుని పారిపోవడానికి వీలు, గుంతలో పాతిపెట్టడానికి వీలు. పువ్వు స్థానంలో నల్లబెల్లం వచ్చింది, తొందరగా పొంగడానికి పటిక, నవసారం, యూరియా దాకా కలిపారు. దాన్ని గుడుంబా అన్నారు. అది మన సారా కాదు. కానీ కాచినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, తాగి పోయినవాళ్లలో మనవాళ్లు ఎక్కువ ఉన్నారు.

సామాను మారితే సరుకు ఎందుకు మారుతుందో ఉపాధ్యాయులుగా మనం వివరించగలగాలి. పులిసిన ద్రవంలో ఆమ్లాలుంటాయి. కాల్చిన మట్టికి ఆమ్లంతో తగువు లేదు. సిల్వరు పాత్రను పులుపు కొరుకుతుంది, జింకు పూత డ్రమ్మును ఇంకా తొందరగా కొరుకుతుంది. సీసంతో అతికిన అతుకు ఉంటే ఆ సీసం చుక్క చుక్కలో దిగుతుంది. పురుగుమందు డబ్బాను ఎన్నిసార్లు కడిగినా కడిగినట్టు కాదు. వేడి ఆవిరికి ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి వాసన దిగుతుంది. మూకుమ్మడి చావులు జరిగిన చోట్ల ఎక్కువగా కారణం పరిశ్రమల స్పిరిటు, అంటే మిథనాలు, కలపడం. ఇప్పపువ్వు పులియడం వల్ల అంత మిథనాలు పుట్టదు. ఈ తేడా తెలియని పిల్లవాడు బజారులో దొరికే ప్రతి సీసానూ అవ్వ సారా అనుకునే ప్రమాదం ఉంది. అట్లాగని మట్టి కుండలో దిగింది అమృతమనీ చెప్పం. కాలేయానికి కుండ తేడా తెలియదు.

మట్టి కుండకు ఇంకో గుణం ఉండేది. అది చిన్నది. ఒక కాపులో దిగేది పండక్కి, నలుగురు చుట్టాలకు సరిపోయేంత. ఇంకా కావాలంటే మళ్లీ పువ్వు నానాలి, మళ్లీ రోజులు ఆగాలి. దేవుడికి, పెద్దలకు నేల మీద చుక్క వదిలాకే దొప్ప పట్టేవాళ్లు. కుండ ఎంతో తాగుడు అంత. డ్రమ్ముకు ఆ హద్దు లేదు. రెండు వందల లీటర్లు నానబెట్టినవాడు చుట్టాల కోసం నానబెట్టడు.

తరగతి గదిలో దీన్ని ఎట్లా వాడుకోవచ్చు? బాష్పీభవనం, సాంద్రీకరణం పాఠంలో గాజు కండెన్సరు బొమ్మ ఉంటుంది. ఆశ్రమ పాఠశాల ప్రయోగశాలల్లో అది చాలాచోట్ల ఉండదు, ఉన్నా అల్మారాలో ఉంటుంది. ఆల్కహాలు 78 డిగ్రీల దగ్గర, నీరు 100 దగ్గర మరుగుతాయని, అందుకే ముందు దిగేది ఘాటని, తర్వాత పలచనని పుస్తకం చెబుతుంది. ఎందుకు నీళ్లు మార్చాలి అని అడగండి, నానమ్మ బట్టీ చూసిన పిల్ల చప్పున చెబుతుంది. చెప్పాక భయంతో మాకు తెలియదు సార్ అని దిద్దుకుంటుంది కూడా. ఆ భయం తీయడానికి సారాతో పని లేదు. ఉత్త నీళ్లతో, లేదా నిమ్మగడ్డి వేసిన నీళ్లతో అదే కుండల వరస పేర్చి చూపవచ్చు. మేము చూపించాం. అటికలో పడిన నీటిని తాగి చూసి పిల్లలు చప్పగా ఉందన్నారు, ఉప్పు వేసిన నీళ్లలోంచి చప్పని నీళ్లు ఎట్లా వచ్చాయని వాళ్లే అడిగారు. పాఠం అక్కడి నుంచి సముద్రం, మేఘం, వాన దాకా పోయింది.

చట్టం వైపు రెండు సంగతులు యువత చదవాలి. 1996 పెసా చట్టం 4వ సెక్షను మత్తు పదార్థాల అమ్మకం, వాడకం మీద నిషేధం పెట్టే, నియంత్రించే, పరిమితం చేసే అధికారాన్ని గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఇవ్వాలంటుంది. అదే సెక్షను చిన్నతరహా అటవీ ఉత్పత్తుల యాజమాన్యం కూడా వాళ్లకే అంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఉత్పత్తుల మీద హక్కును మళ్లీ రాసింది. పువ్వు మనది, గూడెంలో ఏ దుకాణం ఉండాలో చెప్పే నోరు గ్రామసభది. ఈ నోటితో బెల్టు షాపు మూయించిన గూడేలున్నాయి. ఈ నోరు ఉందని తెలియక దరఖాస్తులు పట్టుకుని తిరుగుతున్న గూడేలూ ఉన్నాయి. గ్రామసభ రిజిస్టరులో తీర్మానం రాయగల చదువు ఇప్పుడు ప్రతి గూడెంలో కనీసం ఒకరికి ఉంది.

మధ్యప్రదేశ్ ఈమధ్య ఇప్పసారాను వారసత్వ మద్యం అని పేరు పెట్టి, అలీరాజ్‌పూర్, డిండోరీ జిల్లాల్లో ఆదివాసీ సంఘాలకు తయారీ అప్పగించింది. సీసా, లేబులు, నగరంలో అమ్మకం. మన ఉట్నూరు వైపు ఆడవాళ్లు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. రెండింటిలో మాకు లడ్డూయే నచ్చింది. సీసాలోకి ఎక్కిన సారాకు మళ్లీ సుంకం, మళ్లీ కొలత, మళ్లీ కంట్రాక్టరు రావడానికి ఎంతకాలం పడుతుందో రంప చదివినవాళ్లు ఊహించగలరు. లడ్డూలో పువ్వు మొదటి పని, అంటే కడుపు నింపడం, మిగిలి ఉంది.

మీ ఊళ్లో ఈ సామాను ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే వెళ్లి చూడండి. ఫొటోతో ఆపకండి. బాన ఎన్ని కుంచాలు పడుతుంది, చిల్లుల కుండకు ఎన్ని చిల్లులు, మూతి ఎన్ని బెత్తెలు అని కొలిచి, కోయలోనో గోండీలోనో కొలామీలోనో ఒక్కొక్కదాని పేరు అవ్వనడిగి రాసుకోండి. కుమ్మరి పేరు, ఊరు కూడా రాయండి. సంతలో ఇప్పుడు కుండలవాళ్ల దగ్గర ఎండాకాలం నీళ్ల కుండలు, పూల కుండీలు, దీపావళి ప్రమిదలు ఉన్నాయి. చిల్లుల కుండ కావాలంటే ఏ సైజులో అని అడగగలిగే కుమ్మరులు ముసలివాళ్లయ్యారు.